సంచి మీద కుంకుమ బొట్టు

రోజారమణి స్నానం చేసి, తడిజుట్టు తువ్వాలులో బిగించి కట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి గోడగడియారం ఐదు కొడుతోంది, బల్ల మీద ఉన్న సంచికి ఎవరో బొట్టు పెట్టేశారు. ఒక బొట్టు కాదు, మూడు. నడుమ ఒకటి, అటూ ఇటూ రెండు, గడపకి పెట్టినట్టు. రెండు లీటర్ల తెల్లటి సంచి, చూడ్డానికి పాలప్యాకెట్టుకి పెదనాన్నలా ఉంటుంది. నాలుగింటికి ఫ్రిజ్జులోంచి తీసి ఉతికిన గుడ్డ మీద పడుకోబెట్టింది తనే, రెండు గంటలు బయట ఉండి చల్లదనం పోతే గాని మనిషి ఒంట్లోకి ఎక్కించకూడదు కనక. ఆరింటికి దాన్ని తన మొగుడు జగదీశ్వరరావు ఛాతీలోంచి వేలాడే గొట్టానికి తగిలించాలి, తెల్లారి ఆరు దాకా చుక్క చుక్కగా ఎక్కాలి. అదే ఆయన అన్నం, అదే పప్పు, అదే పెరుగు. పద్నాలుగు నెలలుగా ఆ మనిషికి భోజనమంటే అదే. ఇవాళ విజయదశమి కనక ఆ భోజనానికి ఆయుధపూజ కూడా జరిగిపోయింది. బొట్లు సరే, తుడిస్తే పోతాయి. సంచి అడుగున, గొట్టం గుచ్చే చోట, సీలు వేసి ఉండాల్సిన నీలం మూత లేదు. అది విరిగి గుడ్డ పక్కన పడి ఉంది, దాని మీద కూడా ఇంత కుంకుమ.

సీలు తెగిన సంచి సంచి కాదు, చెత్త. చెన్నై ఆసుపత్రిలో మూడు వారాలు కూచోబెట్టి నేర్పినప్పుడు మొదటి రోజు మొదటి పాఠం అది. ఆ తెల్లటి ద్రవంలో చక్కెర ఉంది, నూనె ఉంది, మాంసకృత్తులున్నాయి, మనిషికి ఎంత బలమో పురుగుకి అంతకు రెట్టింపు బలం. కంటికి కనపడని ఒక్క క్రిమి అందులో కాలు పెట్టిందంటే గంటలో కాపురం పెడుతుంది, పొద్దుటికి పురుళ్లు పోసుకుంటుంది, ఆ సంసారమంతా గొట్టం పట్టుకుని నేరుగా గుండె దాకా నడిచి వెళుతుంది. నోటితో తినేవాళ్లకి కడుపుంది, కాలేయముంది, ఏదో ఒకటి అడ్డుపడి తంటాలు పడుతుంది. రక్తంలోకి తినేవాడికి ఆ కాపలా ఏదీ లేదు, ఉన్న కాపలాదారు పెళ్లామొక్కతే. రోజారమణి బీయస్సీ బాటనీ. మూడేళ్లు బూజుల గురించీ నాచుల గురించీ చదివి సెకండ్ క్లాసులో పాసైతే, ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ చదువు ఆవకాయకి బూజు పట్టకుండా చూసుకోవడానికి తప్ప పనికి రాలేదు. తీరా పనికొచ్చే రోజులొచ్చాక పట్టుదల ఎలా వచ్చిందంటే, పద్నాలుగు నెలల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా, తన చేతిలో తప్పు జరగలేదు. చెన్నైలో నర్సులు కొత్తగా వచ్చినవాళ్లకి ఆమె వీడియో చూపిస్తారట, నర్సీపట్నం మేడమ్ చేతులు ఎలా కడుక్కుంటారో చూడండి అని. వంటకి ఎవరూ ఇవ్వని మెప్పు చేతులు కడుక్కున్నందుకు వచ్చింది.

వీధి అరుగు మీద అత్తగారు బుల్లమ్మ బంతిపూలు గుచ్చుతూ కూచుంది. మోచేతుల దాకా పసుపు.

"అత్తా, సంచి మూత ఎవరు తీశారు?"

"ఏ మూతమ్మా?"

"బల్ల మీద సంచి. నీలం మూత."

బుల్లమ్మ పువ్వులోకి సూది గుచ్చి, దారం లాగి, ఇంకో పువ్వు తీసుకుంది. "నానే తీసినాను."

"ఎందుకు?"

"బొట్టెట్టడానికి అడ్డొచ్చినాది. తీసీసినాను."

ఆ 'తీసీసినాను' అన్న మాట ఎంత సులువుగా ఉందో. చెప్పులు తీసీసినాను, చీపురు తీసీసినాను, నా కొడుకు ప్రాణానికి అడ్డం ఉన్న మూత తీసీసినాను.  ఇక్కడ నోరెత్తితే వీధంతా వింటుంది, పండగపూట కోడలు అత్తని తిట్టిందని ఎదురింటి వాళ్లు బలిఘట్టం దాకా చెప్పుకుంటారు, ఎందుకు తిట్టిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. రోజారమణి గిర్రున తిరిగి లోపలికి వచ్చి బల్ల ముందు కుర్చీలో కూచుంది. గడియారం ఐదూ అయిదు. సంచులు తెచ్చే వ్యాను విశాఖపట్నం నుంచి రేపు మధ్యాహ్నం గాని రాదు, పండగ సెలవు. ఫ్రిజ్జులో ఇంకో సంచి లేదు. ఉన్నది ఒక్కటి, దానికి మూడు బొట్లు.

పొద్దున్నే అనుకుంది, ఇవాళ ఏదో ఒకటి జరుగుతుందని. తెల్లారేసరికే మిక్సీకి బొట్టు, గ్రైండరుకి బొట్టు, గ్యాసు పొయ్యికి, ఫ్రిజ్జుకి, స్కూటీకి బొట్టు, స్కూటీ చక్రం కింద నిమ్మకాయ. సంచిలో ద్రవాన్ని లెక్కగా తోసే చిన్న మిషనుకి కూడా, అదేదో ఇంటికి కొత్తగా కొన్న మోటారు సైకిలైనట్టు, దండ వేసింది ముసలావిడ. అప్పుడే చెప్పింది తను, అత్తా, స్టాండుకి పెట్టుకోండి, మిషను జోలికి వెళ్లకండి, సంచి జోలికి అసలే వెళ్లకండి. నాకు తెలదేటమ్మా అంది. తెలుసట. ఈ ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు. ఆయన్ని చూడడానికి వచ్చే ప్రతివాడికీ తెలుసు. మొన్నటికి మొన్న ఆయన మేనమామ మన్మథరావు పాయకరావుపేట నుంచి కిలో జీడిపప్పు పట్టుకుని వచ్చాడు. పేగులు లేని మనిషికి జీడిపప్పు. "రోజుకు నాలుగు నానబెట్టి ఇయ్యమ్మా, బలం, ఆ సెలైనులో ఏటుంటాది, నీళ్లు గదా" అన్నాడు. పోయేముందు గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి, "ఏటైనా తింటన్నాడా మరి?" అని అడిగాడు. అందరిదీ ఆ ఒక్క ప్రశ్నే. ఎలా ఉన్నాడు అని అడిగితే ఎక్కడ అపశకునమో, ఏం తిన్నాడు అని అడుగుతారు. తినలేదంటే ఆ చూపు తన మీద పడుతుంది, మొగుడికి ఇంత గంజి కాచి పోయలేని దాని మీద పడినట్టు. నాలుగు రకాల సబ్బులతో చేతులు కడిగి కడిగి చర్మం ఊడి, గోళ్ల మొదళ్లలో పగుళ్లొచ్చి, కూరలో ఉప్పు తగిలితే మంటెక్కి చచ్చే ఆ చేతుల్ని మాత్రం ఒక్కరూ చూడరు. జీడిపప్పు తనే తినేసింది. కోపంతో తిన్నది కూడా ఒంటికి పడుతుందని తెలిసింది, రెండు కిలోలు పెరిగింది.

ఇరవై అడుగుల చిన్నపేగులో మూరెడు మిగిలింది ఆయనకి. ఆపరేషను చేసిన డాక్టరు సెంటీమీటర్లలో చెప్పాడు గాని ఆమె బుర్రలో అది మూరగానే నిలిచింది, కృష్ణాబజారులో మల్లెపూలు చేత్తో కొలిచి తెంపి ఇస్తారే, అలా. పేగుకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ కట్టింది, మిగతాదంతా నల్లబడి పోయింది, కోసి తీసేశారు. చింతపల్లి రోడ్డులో మోటార్లకి వైండింగు చేసే మేస్త్రీ. గొలుగొండ నుంచీ రోలుగుంట నుంచీ చెరుకు రైతులు కాలిపోయిన నీళ్ల మోటార్లు బండి మీద వేసుకుని ఆయన కోసమే వచ్చేవాళ్లు. రాగితీగ చుట్టు మీద చుట్టు పేర్చినట్టే మనిషి అన్నం కూడా పద్ధతిగా తినేవాడు, పప్పు వేరు, పులుసు వేరు, మజ్జిగకి మళ్లీ చోటు వేరు. తిండి అంటే అంత ప్రాణం. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిరోజు మిషను గుర్రుమంటుంటే, "మూడొందల పంపులు బాగుచేసినానే, ఇప్పుడు పంపే నన్ను బాగుచేస్తంది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. రోజారమణికి ఆ జోకు మీద కూడా కోపమే. మనిషి తన కష్టాన్ని తనే హాస్యం చేసుకుంటే పక్కవాళ్లకి ఏడవడానికి వీలుండదు. వెనకగదిలో ఇప్పుడు కూడా టీవీ పెట్టుకుని పడుకున్నాడు, ఏదో పాత హాస్యం సినిమా, పెద్ద సౌండు. ఇందాకట్నుంచి ఒక్క నవ్వు వినపడలేదు.

గ్యాసు. ఆ మాట మీద ఉన్న కోపం ఇంక దేని మీదా లేదు. ఈ దేశంలో గుండె పట్టుకుంటే గ్యాసు, వెన్ను పట్టుకుంటే గ్యాసు, మనిషి చచ్చిపోతే గ్యాసు ఎక్కువై పోయాడంటారు. జబ్బు మొదలైన ఆ శుక్రవారం రాత్రి ఎస్. రాయవరంలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లి మూడుసార్లు మాంసం వడ్డించుకున్నాడు. తను పక్క బంతిలోంచి కళ్లతో చెప్తూనే ఉంది, వద్దు, చాలు, ఆయన చూడనట్టు తిన్నాడు. తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడు. వామునీళ్లు ఇచ్చింది. మధ్యాహ్నం మెలికలు తిరిగాడు. ఇంగువ కలిపిన మజ్జిగ ఇచ్చింది. సందు చివర డాక్టరు, ఆయన చదువేమిటో ఎవరికీ తెలియదు గాని చెయ్యి మంచిదంటారు, గ్యాసుకి సూది వేసి పంపాడు. సోమవారం పొద్దున్న దాకా నొప్పి నొప్పి అంటూనే ఉన్నాడు, పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంది, ఇంత నొప్పి ఉన్నవాడికి పొట్ట మెత్తగా ఉంటుందా అనుకుంది. అలాగే ఉంటుందట మొదట్లో. నొప్పి కొండంత, పొట్ట మెత్తన, అదే దాని గుర్తట, తరవాత చెప్పారు. ఆ రెండు రోజులూ తను ఏమంది? "తినేటప్పుడు తెలియలేదా" అంది. ఒకసారి కాదు. గ్లాసు అందించిన ప్రతిసారీ అంది. సందు చివర డాక్టర్ని తిట్టుకోవచ్చు, తిట్టుకుంది. గృహప్రవేశం వాళ్లని తిట్టుకోవచ్చు. కానీ ఆయన చెప్పిన నొప్పిని నమ్మకపోవడానికి గ్యాసు కారణం కాదు, పక్క బంతిలో తన మాట వినలేదన్న కసి కారణం. నొప్పి ఆయనకి తగిన శాస్తి అనుకుంది. బీయస్సీ. ఈ సంగతి చెన్నై డాక్టర్లు కాగితం మీద రాసుకున్న చరిత్రలో లేదు. అందులో 'రెండు రోజులు ఆలస్యం' అని మాత్రమే ఉంది, ఎవరికో బస్సు తప్పిపోయినట్టు.

చెన్నైలో పేగు మార్పిడి గురించి చెప్పినప్పుడు ముగ్గురూ ఉన్నారు. చనిపోయినవాళ్ల పేగు తీసి పెడతారు, లేదా బతికున్న దగ్గరివాళ్లది కొంచెం కోసి పెట్టొచ్చు అనగానే రోజారమణి నాది తీసుకోండి అంది. రక్తం గ్రూపు కలవలేదు. కలవనందుకు ఆయన ఊపిరి పీల్చుకుని, "బతికిపోయినాను, ఈవిడ పేగెట్టుకుంటే నాకూ కోపం మొదలవుతాది" అన్నాడు డాక్టరుతో. డెబ్భై రెండేళ్ల బుల్లమ్మ కూడా లేచి నిలబడింది, "నా పేగు తెంచుకుని పుట్టినోడు బాబూ, నాదే ఎట్టీయండి" అని. ఆ అరవ డాక్టరుకి మాట అర్థం కాకపోయినా దండం పెట్టాడు. సరే, జాబితాలో పేరు రాశారు. ఫోను ఎప్పుడైనా మోగొచ్చు, మోగిన నాలుగు గంటల్లో విశాఖపట్నంలో విమానం ఎక్కాలి, తలుపు వెనక సూట్‌కేసు సర్దే ఉంటుంది. అయితే శ్రావణమాసంలో ఆయనకి ఉన్నట్టుండి వణుకు, జ్వరం. గొట్టంలో క్రిమి. ఎలా వచ్చిందో తెలియదు, ఒక్కోసారి ఎంత శుభ్రంగా చేసినా వస్తుందన్నారు, ఆ మాట ఆమెకి ఓదార్పుగా కాక అవమానంగా తగిలింది. పాత గొట్టం తీసేసి కొత్తది పెట్టారు. మెడకి అటూ ఇటూ, భుజాల కింద, వాడగలిగిన నాళాలన్నీ అప్పటికే మూసుకుపోయాయి, మిగిలిన ఒక్కదాంట్లో పెట్టారు. ఇదే చివరి దారి, ఇది పాడైతే మార్పిడికి కూడా దారి ఉండదు అన్నారు. జాబితాలో పేరు పక్కన పెట్టి, జ్వరం పూర్తిగా తగ్గాక, ఇదిగో ఎనిమిది రోజుల కిందటే మళ్లీ ఎక్కించారు.

పేరు ఎక్కించారు గాని పక్కన ఎర్రసిరాతో ఒక మాట రాశారు. అది శ్రావణం వల్ల కాదు, బజ్జీ వల్ల. వేసవిలో ఒక సాయంత్రం షాపు దాకా నడిచి వస్తానని వెళ్లి అబీద్ సెంటరులో నిలబడి మిరపకాయ బజ్జీలు రెండు తిన్నాడు, వాము కారం కూరినవి. మూరెడు పేగు దాన్ని ఏం చెయ్యాలో అదే చేసింది, ఒంట్లో నీరంతా ఊడ్చి పారేసింది, మూడురోజులు మంచం మీద బట్ట ఆగలేదు. చెన్నైలో కౌన్సిలరమ్మ నెమ్మదిగా చెప్పింది. పేగు మార్చాక జీవితాంతం మందులు గంట తప్పకుండా వేసుకోవాలి, చెప్పినవి తప్ప ముట్టకూడదు, మాట వినని మనిషికి పెడితే ఆ పేగు పోతుంది, ఆ మనిషీ పోతాడు, ఆ పేగుతో బతకాల్సిన ఇంకొకరూ పోతారు. ఇంకొక్కసారి ఈయన తనంతట తను ఇలాంటి పని చేస్తే కమిటీ వేరేవాళ్ల పేరు చూస్తుంది. రోజారమణి ఆ రోజు హోటలు గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు బజ్జీలకి మనిషిని వదిలేస్తారా అని కోపం. ఆలోచిస్తే వాళ్లదే న్యాయమని తోచింది. ఎక్కడో ఎవరో బిడ్డ పోయి, ఏడుస్తూ సంతకం పెట్టి ఇచ్చిన పేగు అది, బజ్జీల పాలు చేసేవాడికి ఎందుకివ్వాలి. తప్పు చేసినవాళ్ల మీద కోపం తీరుతుంది. న్యాయం మాట్లాడినవాళ్ల మీద కోపం తీరదు, లోపలే ఉండి అరుగుతుంది.

ఐదూ నలభై. ఆరూ అయిదుకల్లా సంచి స్టాండుకి తగిలించి, దాని మీద స్టిక్కరు కనపడేలా ఫోటో తీసి చెన్నైకి పంపాలి, రోజూ పంపుతుంది. ఈ సంచిని స్పిరిటు దూదితో తుడిచి ఏమీ ఎరగనట్టు తగిలించేస్తే? ఆ ఆలోచన వచ్చినందుకే సంచిని బల్ల అవతలి అంచుకి తోసేసింది. తగిలించకుండా అలమారలో అత్యవసరానికి ఉంచిన చక్కెరనీళ్ల సెలైను సీసా పెడితే ఒక రాత్రి గడుస్తుంది, నీరసిస్తాడు గాని ప్రాణానికి ముప్పులేదు. కానీ ఫోటోలో సీసా కనపడుతుంది, ఎందుకని అడుగుతారు, కారణం రాసుకుంటారు. అత్తగారు బొట్టు పెట్టింది అని చెప్పాలి. చెప్తే ఏమవుతుంది, ముసలావిడ పేరు రాసుకుంటారు, ఇంట్లో సంచికి తాళం వెయ్యమంటారు. నయం, అంతే కదా. ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే. రేపట్నుంచి ఫ్రిజ్జుకి తాళం, తాళంచెవి మంగళసూత్రానికి. ఆవిడ పాలు కావాలన్నా నన్నే అడగాలి. ఇలా శిక్షలు ఒక్కొక్కటిగా ఖరారు చేసుకుంటూ, సంచిని పారెయ్యడానికి లేచి, విరిగిన మూతని కాగితంతో పట్టుకుని తీసింది.

మూత అంచున అటూ ఇటూ సన్నటి గాట్లున్నాయి. వరసగా, పళ్లు పళ్లుగా. కటింగ్ ప్లేయరుతో పట్టుకుని మెలిపెడితే పడే గాట్లు. ఇరవై రెండేళ్లుగా ఆ గాట్లు ఆమెకి తెలుసు, ఇంట్లో నూనెడబ్బా మూత దగ్గర్నుంచి ఊడిన గొళ్లెం దాకా అన్నిటి మీదా అవే. కుంకుమ బొట్టుని మళ్లీ చూసింది. ఎర్రగా ఉంది, ఒట్టి కుంకుమ. మోచేతుల దాకా పసుపుతో ఉన్న మనిషి పెట్టిన బొట్టు చుట్టూ ఇంత పసుపైనా అంటాలి కదా. అసలు బుల్లమ్మ వేళ్లు, కీళ్లవాతంతో కొంకర్లు పోయిన ఆ వేళ్లు, రాత్రిపూట రాసుకునే మందు ట్యూబు మూత కూడా తియ్యలేవు, రోజూ తనే తీసి ఇవ్వాలి. ముప్పావుగంట బీయస్సీ కోపం పడింది గాని బీయస్సీ బుర్ర మాత్రం పనిచెయ్యలేదు.

అరుగు మీదకి వెళ్లి ముసలావిడ ముందు గొంతుక్కూచుంది.

"మూత ఎలా తీశారత్తా?"

"ఎలగేటి, తీసినాను."

"ఆ వేళ్లతోనా?"

బుల్లమ్మ వేళ్ల వంక చూసుకుంది. "పళ్లతో తీసినాను."

"మీకు పళ్లెక్కడున్నాయత్తా?"

బంతిపువ్వు సూదికి సగంలో ఆగింది. వీధి వైపు చూస్తూ, "ఆడ్ని ఏటీ అనకమ్మా" అంది. "నన్ననుకో. నాను ఎన్నైనా పడతాను."

వెనకగదిలో టీవీ ఇంకా మొత్తుకుంటోంది. జగదీశ్వరరావు మంచం మీద గోడకి ఆనుకుని కూచున్నాడు, ఆమెని చూడగానే రిమోటు నొక్కి సౌండు ఆపేశాడు. చొక్కా గుండీల సందులోంచి గొట్టం చివర, దాని మీద అతికించిన తెల్ల పట్టీ. దిండు పక్కన కటింగ్ ప్లేయరు. దాచడం కూడా చేతకాదు.

"షాపులో మన కుర్రోడు మత్స్యలింగం ఎట్టీసుంటాడు పూజ," అన్నాడు, ఆమె ఏమీ అడగకుండానే. "పోయిన దసరాకి ఆస్పత్రిలో ఉన్నాను. ఊళ్లో ఉండి షాపులో నా చేత్తో బొట్టెట్టని దసరా ముప్పై ఏళ్లలో ఇదేనే. అమ్మ పసుపు కలుపుతుంటే కుంకం అడిగినాను. మిషనుకెట్టినాను. సంచికెట్టినాను."

"మూత?"

ఆయన గొట్టం వంక చూసుకున్నాడు. "రుచి చూసినాను."

ఆమెకి వినపడింది, అర్థం కావడానికి మాత్రం టైము పట్టింది.

"ఒక్క చుక్కే. వేలికి. ఏటి తింటన్నానో తెలకుండా పద్నాలుగు నెల్లు తిన్నాను రోజా. పశువుకైనా తెలుస్తాది ఏ గడ్డో. అది తెల్లగా ఉంటాది గదా, పాలకోవలా ఉంటాదేమో అనుకున్నాను."

"ఎలా ఉంది?" అనేసింది. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"సెండాలం. ఇనపరేకు మీద బెల్లమూ ఉప్పూ రాసి నాకినట్టుంది," అని ఒక్క క్షణం ఆగి, "నీ వంటే నయం" అన్నాడు.

నవ్వు వచ్చింది. గొంతుదాకా వచ్చింది, అది వచ్చినందుకు కోపం రెట్టింపయింది. పళ్లు బిగించి దాన్ని మింగేసింది. చంపాలి ఈ మనిషిని. ఇంత కష్టపడి బతికించుకుంటున్నది చంపడానికి పనికొస్తాడనే. చివరి దారి, చివరి నాళం, ఎనిమిది రోజుల కిందట ఎక్కిన పేరు, దాని పక్కన ఎర్రసిరా, అన్నీ తెలిసి, తన కంటే బాగా తెలిసి, పాలకోవ. అడ్డమైనవాళ్లూ ఏం తిన్నాడు ఏం తిన్నాడు అని అడుగుతూనే ఉన్నారు, ఆ మాటకి జవాబు ఆయనకి కూడా తెలియదన్న సంగతి తనకి పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు. తట్టనందుకు కూడా ఆయన మీదే కోపం వచ్చింది. ఇంకెవరి మీద రావాలి, అరుగు మీద ముసలిది తనది కాని నేరం కూడా ఒప్పేసుకుని కూచుంది.

ఆరుకి ఐదు నిమిషాలు. ఫోను తీసి ఆయన ఎదురుగానే నిలబడి చెన్నైకి కలిపింది. ఇళ్లలో ఉన్న పేషెంట్లని చూసుకునే సిస్టరు లావణ్య ఎత్తింది, పార్వతీపురం పిల్ల, పాతికేళ్లుంటాయి, తెలుగువాళ్లందరినీ ఆమెకే అప్పజెప్పారు.

"ఇవాళ సంచి పెట్టడంలేదమ్మా. సీలు తెగింది. చక్కెరనీళ్లు పెడుతున్నాను."

"అయ్యో. ఎలా తెగింది మేడమ్? వచ్చేటప్పుడే తెగిందా?"

"లేదు. ఇంట్లోనే."

"ఎవరు తెరిచారు? ఇక్కడ రాయాలి మేడమ్. సార్ గాని..."

ఆ 'సార్ గాని' అన్న చోట గొంతు మారింది. ఎర్రసిరా ఆ పిల్ల ముందు కంప్యూటరులో తెరిచే ఉన్నట్టుంది. మంచం మీద ఆయన నోరు తెరిచాడు, నేనే అని చెప్పబోయాడు, మనిషి వెధవే గాని అబద్ధాలకోరు కాడు. రోజారమణి అరచెయ్యి ఎత్తి ఆ నోటి ముందు పెట్టింది.

"నేనే," అంది.

"మీరా?"

"బయటపెట్టిన టైము మర్చిపోయాను. తొందరలో ముందే తెరిచేశాను. పండగ హడావుడి."

 లావణ్య మొదలుపెట్టింది. మీలాంటివారే ఇలా చేస్తే ఎలా మేడమ్ అంది. మీ వీడియోనే మేం అందరికీ చూపిస్తాం కదా, ఇప్పుడు అది తీసెయ్యాలి అంది. పండగలు మనకోసం ఆగవు, క్రిములు కూడా ఆగవు అంది, ఆ వాక్యం ఎక్కడో శిక్షణలో నేర్చుకున్నట్టుంది. రూలు ప్రకారం మళ్లీ పాఠాలన్నీ మొదట్నుంచి చూసి, చేతులు కడుక్కునే పరీక్ష కెమెరా ముందు పెట్టాలి అంది. తన కడుపున పుట్టాల్సిన వయసున్న పిల్ల ఒక్కో మాటా నెమ్మదిగా, మందబుద్ధికి చెప్పినట్టు చెప్తుంటే రోజారమణి పగిలిన గోళ్ల మొదళ్లు చూసుకుంటూ సరేనమ్మా అంది. అలాగేనమ్మా అంది. ఇంకెప్పుడూ జరగదమ్మా అంది. వేరే రోజైతే ఆ పిల్ల మూడో మాట మీదే కడిగేసి ఉండేది.

"మరి మా వారి పేరు? జాబితాలో?"

"సార్‌కేం మేడమ్, సార్ తప్పు కాదుగా. జ్వరం చూస్తుండండి. మీ పేరు పక్కన రాసుకుంటాను అంతే."

ఫోను పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లి సంచి కత్తిరించి, తెల్లటి రెండు లీటర్లూ తూములో పోసింది, బొట్లతో సహా. నాలుగు నిమిషాలు చేతులు కడిగింది, మండాయి, అయినా కడిగింది. సీసా స్టాండుకి తగిలించి, ఫోటో తీసి పంపి, మళ్లీ కడిగింది. మాస్కు కట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. మిషను మెడలో దండ వాడిపోయి వేలాడుతోంది, దాన్ని లాగి అవతల పారేసింది.

"రోజా," అన్నాడాయన. "నాను సెప్పీసుందును గదే. నీకెందుకు..."

"మాట్లాడకండి. మొహం అటు తిప్పండి."

గొట్టం తెరిచేటప్పుడు పేషెంటు ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకోవాలి, రోజూ తిప్పుకుంటాడు. తిప్పుకున్నాడు. గోడ మీద ఏం చూస్తున్నాడో, మెడ నరం ఒకటి కొట్టుకుంటోంది. గొట్టం చివరని స్పిరిటు దూదిలో పట్టి పదిహేను లెక్కపెట్టేదాకా రుద్దాలని నియమం. రోజారమణి ఆ వేళ ముప్పై దాకా రుద్దింది, ఒక్కో అంకెకీ ఒక్కో తిట్టు చొప్పున, మాస్కు వెనక, పైకి వినపడకుండా.